మీట మామయ్య చేతిలో

ఫిబ్రవరి 7, శనివారం

రెండో పాఠం. ఇంకా నేల మీదే. రిటైరై ఇన్నేళ్ళయినా మామయ్య డ్రిల్లు మాస్టారే — బొమ్మ విమానం ముందు కూడా అటెన్షన్‌లో నిలబెడతారు. ముందు రిమోటు ఆన్. ఆ తర్వాతే విమానంలో బ్యాటరీ. ఆగి ఉన్నా సరే దాని ముక్కునున్న పంకా ముందు చెయ్యి పెట్టకూడదు. జడ ముడెయ్యాలి, చున్నీ నడుముకి బిగించాలి. "థర్మోకోలే గదా అని అలుసు చేస్తే వేలు తెగిపోతాది." ఇంటికొచ్చి బెండకాయలు తరుగుతూ కూడా వేళ్ళు చూసుకుంటూనే ఉన్నాను.

విమానం ఎగరెయ్యడానికి నాన్నని ఒంటరిగా పంపకు అని మా ఆయన అన్నందుకు తోడు వెళ్ళడం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకే నేర్చుకోవాలని ఉంది. భయం మాత్రం తగ్గలేదు.

ఫిబ్రవరి 11

ఎగిరింది. నా చేతిలోనే.

జువ్వలదిన్నె దారిలో ఎండగట్టిన రొయ్యల గుంట, గట్టు మీద మేమిద్దరం. ఇద్దరి చేతుల్లో రెండు రిమోట్లు, మధ్య వైరు. మామయ్య తన మీట నొక్కి పట్టుకున్నంతసేపు విమానం నాది. వదిలారంటే ఆయనది. దూరంగా పోతున్నప్పుడు బాగానే ఉంది. మనకేసి వస్తున్నప్పుడు కుడి ఎడమ తారుమారు — కుడికి తోస్తే నా ఎడమకి పోయింది. మామయ్యా అని అరిచాను. మామయ్య మీట వదిలి తానే దించారు.

"భయమేస్తే నాకిచ్చెయ్. నేనుండేది అందుకే గదా."

ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాను.

ఫిబ్రవరి 14

సముద్రం మీంచి పెద్ద గాలి. ఎగరెయ్యలేదు. కొత్త నియమం చెప్పారు: పక్కనున్న మనిషి ఆపమంటే, ఎందుకని అడగకుండా దించెయ్యాలి. అడిగేది దిగినాకనే. "నువ్వైనా అంతే, నేనైనా అంతే." మామయ్యని నేను ఆపమనడమా... నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 18

రాయాలంటే చెయ్యి రావడం లేదు.

గుంటకి అవతల ఇసుకలో ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతున్నారు. పైన గద్దలు. విమానం నా చేతిలో, ఎడమవైపు బుద్ధిగా తిరుగుతోంది. ఉన్నట్టుండి మామయ్య — "పడిపోతా ఉండాది, పడిపోతా ఉండాది" — మీట వదిలి తాను తీసుకున్నారు. విమానం ఎడమవైపు. ఆయన తల కుడివైపు. కిందికి వాలుతున్న గద్దని చూస్తున్నారు. దాన్నే విమానమనుకుని, పైకి లేపడానికి రిమోటు స్టిక్కు లాగుతున్నారు. ఇటు విమానం నిటారుగా లేచి, ఒక్క క్షణం ఆగి, గుంటలో ముక్కు గుద్దుకుంది.

"గాలి మళ్ళింది" అన్నారు. ఆకు కూడా కదలడం లేదు.

ఫిబ్రవరి 19

ఈ మధ్య పేపరు నన్నే చదివి వినిపించమంటున్నారు. అక్షరాలు చిన్నవి చేసినారంట. నేను నమ్మాను.

"కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామా మామయ్యా?" "నా కళ్ళకేమొచ్చింది?" లేచి వెళ్ళిపోయారు.

మా ఆయనకి చెబితే విమానం ఆ రోజే అటకెక్కుతుంది. అత్తమ్మ పోయాక మామయ్య నవ్వేది ఆ గట్టు మీదే. చెప్పకపోతే... ఆ ఇసుకలో ఆడవాళ్ళు.

ఫిబ్రవరి 21

విమానం ముక్కు అతికించాను. ఎక్కడ విరిగిందో మామయ్య వేళ్ళతో తడిమి చెప్పారు.

"రేపు వైరు వద్దు. నేనే తిప్పతా, చూసి నేర్చుకో."



ఫిబ్రవరి 22, ఆదివారం

చర్చికి పోయేముందే గట్టు మీదికి వెళ్ళాం. చేపలవాళ్ళు అప్పటికే ఉన్నారు. బ్యాటరీ పెట్టకముందే వద్దని చెప్పాలనుకున్నాను. ఈలోగా ఆయనే పెట్టేశారు.

మొదటి చుట్టు చక్కగా తిప్పారు. రెండో చుట్టులో విమానం ఆడవాళ్ళ వైపు మళ్ళింది. మామయ్య ఆకాశమంతా వెతుకుతున్నారు.

"ఆపండి మామయ్యా."

ఎందుకని అడగలేదు. రిమోటు నా చేతుల్లో పెట్టారు. "యాడుందో నువ్వే చూడు. దించు."

నేనెప్పుడూ దించలేదు. కుడి అంటే ఎడమ, కుడి అంటే ఎడమ అనుకుంటూ ఎలాగో గుంట మీదికి మళ్ళించాను. పొట్ట మీద జారి, గట్టుకి తగిలి ఆగింది. రెక్క విరిగింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను.

దిగినాక అడగొచ్చని ఆయన నియమమే. దారిలో అడుగుతారనుకున్నాను. చర్చిలో పక్కపక్కనే కూర్చున్నాం. అన్నం దగ్గరా అడగలేదు.

ఫిబ్రవరి 23

లేచేసరికి బ్యాటరీ చార్జింగులో ఉంది. బల్ల మీద రెండు రిమోట్లు, మధ్య మళ్ళీ వైరు. మీట ఉన్న రిమోటు, ఇన్నాళ్ళూ ఆయన పట్టుకున్నది, నేను కూర్చునే వైపు పెట్టి ఉంది.

రెక్క కూడా అతికి ఉంది. నన్ను లేపకుండా తానే అతికించుకున్నారు. వంకరగా ఉంది. ఆ వంకర ఆయనకి కనిపించలేదు.

వరండాలోంచి అడుగుతున్నారు — "ఇప్పుడు గాలి లేదు. పోదామా, అమ్మాయ్?"

చెప్పులు కూడా వేసుకున్నారు. ఇది రాయడం ఆపి, మీట ఉన్న రిమోటు చేతిలోకి తీసుకుంటున్నాను.