కొత్త విండోస్ వేయించే ముందు

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. మన నాందేడ్ షాపులో కంప్యూటర్‌కు కొత్త విండోస్ వేయించాలా వద్దా అని ఇన్నాళ్లూ నాన్చుతూ వచ్చాను. పెండ్లి పత్రికల సీజన్ నెత్తి మీదికొచ్చింది, కంప్యూటరేమో రోజూ పని మధ్యలో ఆగిపోతోంది. ఈ రోజు రిపేరు దిలీప్ సీడీ పట్టుకుని వచ్చాడు.

"అక్కా, అన్న తెచ్చిన తెలుగు సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్ల నడ్వది. దాంతోని కొట్టినయి గూడ తెరుసుకోవు. కొత్త తెలుగు వస్తది గని, కీలు వేరే ఉంటయి," అన్నాడు.

మరాఠీ బడిలో చదివిన మనకు తెలుగు రాత ఎక్కడిది? పాత పెండ్లి పత్రికలు ముందేసుకుని నువ్వు నేర్చుకున్నావు. పక్కన కూర్చోబెట్టుకుని నాకు కీబోర్డు మీదే నేర్పావు. చేత్తో రాయమంటే నాకు ఇప్పటికీ రాదు.

నా మొహం చూసి దిలీప్ సీడీని సంచిలో పెట్టేసుకున్నాడు. "రేపొస్త తియ్యి. ఇయ్యాల ఏమన్న పని మిగిలుంటె చేస్కో," అన్నాడు.

బాబ్లీ ఊరివాళ్ల పెండ్లి పత్రిక ఒకటి మిగిలితే ప్రింటు తీసిచ్చాను. తర్వాత నువ్వు తెచ్చిన ఆ తెలుగులోనే ఈ ఉత్తరం కొట్టాను. దీన్ని మాత్రం ప్రింటు తీయను. రేపటి నుంచి, నీలాగే, నేనూ దీన్ని చదవలేను.