గీత దాటిన రంగు

గిరికి పెద్దక్క దీవెనలు.

ఫోను చేస్తే అమ్మ వింటుందని రాసి పంపుతున్నాను.

మీ అన్నయ్య మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డ తీశారు, చెయ్యి కదిపాడు. గండం గడిచిందని నువ్వు పెడనలో అందరికీ చెప్పావట. గడ్డ తీశాక, దెబ్బతిన్న రక్తనాళాల్లోంచి రక్తం లోపలే కారే ప్రమాదం ఉంటుందని డాక్టరుగారు ముందే అన్నారు. "అద్దకంలో రంగు గీత దాటి పాకినట్టా అండీ?" అని మీ వదిన అడిగింది. ఆయన తలూపారు.

ఈ ఉదయం స్కానింగులో రక్తం అలాగే పాకినట్టు కనబడింది. పిలిస్తే పలకడం లేదు. ఆశ పెట్టుకోవద్దన్నారు.

మొక్కు తీర్చడానికి రేపు అమ్మను చిలకలపూడి పాండురంగడి గుడికి తీసుకెళ్తానన్నావు. తీసుకెళ్లు నాయనా. తీర్చడానికి కాదు, మళ్లీ అడగడానికని దారిలో మెల్లగా చెప్పు.