అనన్యకు కాచిన నీళ్ళు

2014 జనవరి 7, మంగళవారం

జెర్సీ సిటీలో ఇంత చలి ఎప్పుడూ చూడలేదు. పొద్దున్నే కుళాయి తిప్పితే చుక్క రాలేదు. కాసేపటికి బేస్‌మెంట్‌లో ఏదో పగిలిన చప్పుడు. పైపులో నీళ్ళు గడ్డకట్టి అది చీలిపోయింది. అవతల నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. గోరుచుట్టు మీద రోకలిపోటు. ఇంటి ఓనర్ రాజ్ ఫోన్ ఎత్తేసరికి బేస్‌మెంట్‌లో పాదాలు మునిగేన్ని నీళ్ళు. నీళ్ళు ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో నాకూ తెలీదు, మా ఆయన ఫణికీ తెలీదు. ఇద్దరం ఇంజనీర్లమే.

జనవరి 9

ప్లంబర్ పగిలినంత మేర కోసి కొత్త రాగి పైపు వేశాడు. వీధి నుంచి వచ్చే పాతది, బూడిదరంగుది, అలాగే ఉంది. వందేళ్ళనాటి ఇల్లు, మొత్తం మార్చాలంటే రోడ్డు తవ్వాలన్నాడట రాజ్. కొన్నాళ్ళు పొద్దున్నే ఐదు నిమిషాలు నీళ్ళు వదిలేసి ఆ తరవాతే వాడుకోమన్నాడట. ఎందుకని ఫణి అడగలేదు. నేను ఫణిని అడిగితే, తుప్పు ఉంటుంది కదా అన్నాడు.

జనవరి 10

ఐదు నిమిషాలు నీళ్ళు వదిలేయడం మా అత్తయ్య వల్ల అయ్యే పని కాదు. ఆవిడది కనిగిరి. ట్యాంకర్ వెనక బిందె పట్టుకొని పరిగెత్తినదాన్ని, కళ్ళెదుట కారిపోతుంటే ఎట్టా చూసేది అంటుంది. సింకులో బిందె పెట్టింది. ఆ మొదటి నీళ్ళన్నీ కాచి మా పాప అనన్యకు వాడుతోంది.

అవి వద్దేమో అన్నాను. కాచాక ఇంకేం దోషం, ఊళ్ళో ఫ్లోరైడ్ నీళ్ళకు మా అక్క కాళ్ళే వంకరపోయాయి, నీళ్ళ సంగతి నాకా చెప్పేది అంది. నిజమేననిపించింది. మేం ముగ్గురం ఫిల్టర్ జగ్గులోవి తాగుతాం. పిల్లకు మాత్రం స్పెషల్.

జనవరి 18

అనన్యకు మలబద్ధకం. అత్తయ్య వాము నీళ్ళు మొదలుపెట్టింది. గ్లాసుడు నీళ్ళు అరగ్లాసు అయ్యేదాకా మరగాలట. ఇల్లంతా వాము వాసన. నాకు అమ్మ గుర్తొచ్చింది.

జనవరి 27

పిల్ల ఉగ్గు నోట్లో పెట్టుకోవడం లేదు. పళ్ళు వస్తున్నాయంటాడు ఫణి. దిష్టి అంటుంది అత్తయ్య. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి స్టవ్ మీద వేస్తే స్మోక్ అలారం గోల. టవల్ పట్టుకొని ఫణి గంతులేస్తుంటే అందరం పడీ పడీ నవ్వాం.

అనన్య నవ్వలేదు. డోర్‌బెల్ మోగినా ఉలిక్కిపడే పిల్ల, అంత గోలలో ఊరికే చూస్తూ కూర్చుంది.

ఫిబ్రవరి 2

నెల కిందట తాత, అత్త అనేది. నేను ఆఫీస్ కాల్‌లో ఉంటే ఇంకా గట్టిగా అనేది. ఈ వారం ఒక్క మాట వినలేదు. గూగుల్ చేశాను. పిల్లలు ఒకోసారి అలా మాటలు ఆపేస్తారట. లాప్‌టాప్ మూసేశాను.

వాము నీళ్ళు ఇప్పుడు రోజుకు మూడుసార్లు.

ఫిబ్రవరి 5

అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. పొద్దున బిందె నేనే పెట్టాను.

ఫిబ్రవరి 12

అనన్యకు ఏడాది నిండింది. చెకప్‌లో వేలి నుంచి రక్తం తీశారు. ఈ వయసు పిల్లలందరికీ చేస్తారు, రొటీన్ అంది నర్సు. సూది గుచ్చితే పిల్ల ఏడవలేదు. గుడ్ గర్ల్ అని మెచ్చుకుంది నర్సు.

ఫిబ్రవరి 14, మధ్యాహ్నం

డాక్టర్ తనే ఫోన్ చేసింది. పిల్ల రక్తంలో సీసం ఉందట. చాలా ఎక్కువగా ఉందట. పాత ఇళ్ళ పెయింట్‌లో సీసం ఉంటుందట, అది పెచ్చులుగా ఊడుతోందా అని అడిగింది. లేదన్నాను. నీళ్ళేం ఇస్తున్నారంది. సగానికి మరిగేదాకా కాచి ఇస్తున్నామన్నాను, మెచ్చుకుంటుందేమో అన్నట్టు.

ఆవిడ మెచ్చుకోలేదు. కాచితే క్రిములు చస్తాయి, సీసం ఎక్కడికీ పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ మిగిలినదాంట్లో ఎక్కువవుతుంది అంది. మాటలు మళ్ళీ వస్తాయా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేనంది. ముందు ఆ నీళ్ళు ఆపమంది.

బిందె, గిన్నె, గ్లాసులో ఉన్నది, అన్నీ ఒంపేశాను. అత్తయ్య వింతగా చూసింది. చెప్పలేకపోయాను.

సాయంత్రం

రాజ్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పాత పైపు సీసందేనట. కోసి కదిపాక, రాత్రంతా అందులో నిలవున్న నీళ్ళలోకి సీసం ఇంకా ఎక్కువ దిగుతుందట. ఈ వీధిలో ఇళ్ళన్నీ ఇంతే, నీళ్ళు వదలమని చెప్పాను కదా అన్నాడు. చెప్పాడు, నిజమే. ఫణి బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకొని ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రావడం లేదు, భయమేస్తోంది. రేపు అత్తయ్యకు చెప్పాలి.

ఫిబ్రవరి 15

చెప్పాం. అనన్య పాక్కుంటూ నానమ్మ దగ్గరకు వెళ్ళి, ఎత్తుకోమని చేతులు చాపింది. అత్తయ్య తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.