మాత్ర వేసుకోమనే గొంతు

ఆగస్టు 9, ఆదివారం

చెల్లికి,

అక్క దీవెనలు. మేమంతా క్షేమం అని రాయబోయి ఆగాను. అది కూడా ఇప్పుడు డాక్టరు చెప్పాల్సిన సంగతైపోయింది. ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో మనిద్దరం నటిస్తాం. హీరోయిన్లకి నువ్వు, వాళ్ల అమ్మలకి నేను గొంతిచ్చి బతికేవాళ్లం కదా.

గొంతుకి విశ్రాంతి కావాలని నువ్వు డబ్బింగు మానేశాక ఆరోగ్య కేంద్రం నర్సు మా ఇంటికొచ్చింది. నాతో పనిచేసేవాళ్లలో ఒకరికి క్షయ వచ్చిందట, నన్నూ పరీక్ష చేయించుకోమంది. ఎవరికంటే పేరు చెప్పకూడదట. టీ ఇచ్చి అడిగాను, కోప్పడి అడిగాను, సినిమాల్లో ఏడ్చినట్టు ఏడ్చి కూడా చూశాను. నోరు విప్పలేదు మహాతల్లి.

నాకు దగ్గు లేదు, జ్వరం లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. రక్తపరీక్షలో మాత్రం ఆ క్రిమి లోపల నిద్రపోతూ ఉండొచ్చని తేలింది. అది లేవకముందే కొన్ని నెలలు మాత్రలు వేసుకోవాలట. నిద్రపోయేదాన్ని కదిలించడం దేనికన్నాను. జబ్బు లేని మనిషికి మందిస్తున్నారంటే ఏదో దాస్తున్నట్టే. పైగా ఆ మాత్రలు వాడినన్నాళ్లూ కాలేయం మీద ఓ కన్నేసి ఉంచాలట. మాత్రల పొట్లం తీసుకెళ్లి బీరువాలో పడేశాను.

ఇక అప్పట్నుంచి అందరూ దొంగల్లాగే కనిపిస్తున్నారు. సౌండు ఇంజనీరు సిగరెట్టు దగ్గు దగ్గినా చెవులు రిక్కిస్తున్నాను. విలన్ గొంతాయన చిక్కిపోయాడేమని నిలదీస్తే, భార్య తిండి తగ్గించేసిందని మొత్తుకున్నాడు. బయటి చప్పుడు రాకూడదని కిటికీ లేకుండా కట్టిన ఆ డబ్బింగు గదిలో ఇన్నేళ్లు ఎవరి గాలి పీల్చానో తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. నీ మీదా అనుమానమే, కాకపోతే వేరే రకం. విశ్రాంతి వంక పెట్టి ఇంకో స్టూడియోలో చేరిపోయావనుకున్నాను.

వచ్చే నెల మా పెద్దమ్మాయికి కాన్పు. పసిగుడ్డు నా ఒళ్లోనే పెరుగుతుంది. ఆ క్రిమి ఎప్పుడైనా లేచిందంటే బిడ్డకి అంటుకోవచ్చట. మాత్ర వేసుకుంటే నాకేమవుతుందో, వేసుకోకపోతే ఆ పసిగుడ్డుకేమవుతుందో తెలియక భయపడి చచ్చాను.

ఇంతలో ఏదో కొత్త నంబరు నుంచి ఓ ముసలావిడ ఫోను చెయ్యడం మొదలుపెట్టింది. ఆరోగ్య కేంద్రం మనిషినంది. మాత్ర వేసుకున్నావా తల్లీ అని అడుగుతుంది, లేదంటే బతిమాలుతుంది. తను దగ్గుని గొంతు అలుపనుకుని నిర్లక్ష్యం చేసిందట, ఇప్పుడు అనుభవిస్తోందట. నర్సుని అడిగితే తమ దగ్గర అలాంటి ముసలావిడే లేదు పొమ్మంది. మందుల కంపెనీ మనిషో, ఇంట్లో ఎవరెప్పుడుంటారో ఆరా తీసే రకమో అనుకున్నాను. అందుకే ఆవిడ ఫోను చేసినప్పుడల్లా జాగ్రత్తగా వింటున్నాను. నువ్వూ కొత్త నంబర్లతో జాగ్రత్త.

ఇట్లు,
తెర మీద నిన్ను నూరుసార్లు అత్తారింటికి పంపిన
అక్క

తా.క. ముసలి గొంతు బాగా పలికించావు. వణుకు కూడా కుదిరింది. కానీ మాట ఎత్తుకునే ముందు నువ్వు తీసే ఊపిరిని మార్చడం మర్చిపోయావు. ఒకే మైకు దగ్గర నీ పక్కన నిలబడి, అది విన్నాకే నా మాట అందుకునేదాన్ని. ఇప్పుడది మధ్యలోనే తెగిపోతోంది. విని తట్టుకోలేక పొట్లం విప్పాను, మాత్ర వేసుకున్నాను. ఆ జబ్బు నీకేనని తెలిస్తే నిన్ను దూరం పెడతానని భయపడ్డావు చూడు, కోపమల్లా అందుకే. రేపు నీ గొంతుతోనే అడుగు.