బావగారి చూపు కిందికి దిగడం లేదు

మద్రాసు,
గురువారం.

ప్రియమైన కరుణక్కకు,

చెల్లెలు సుగుణ ప్రభువు నామంలో చేసే వందనాలు. నేను ఇక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. రేపల్లెలో అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నువ్వు వేళకు తింటున్నావా? నా మాట విని బావగారిని వదిలి అమ్మ దగ్గరికి వచ్చేశానని నువ్వు రాసిన ఉత్తరం సోమవారం అందింది.

అక్కా, పోయిన నెల నేను రాసింది చించి పొయ్యిలో పడెయ్. "ఆ తాగుబోతుతో నీకెందుకు, వెళ్ళిపో" అని రాసింది ఈ చేత్తోనే. బావగారు తాగడం లేదు. ఆయనకు జబ్బు చేసింది. ఎలా తెలిసిందో చెబుతాను, ఓపిగ్గా చదువు.

నేను ఇక్కడికొచ్చి ఐదు నెలలైంది కదా. ఆసుపత్రిలో నేను పరీక్షలు చేసే గదికి కిటికీలన్నీ మూసే ఉంటాయి. బయట వాన పడుతున్నా నాకు తెలియదు. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, తల కదలకుండా పట్టీ కట్టి, కళ్ళ చుట్టూ సన్నటి తీగలు అంటిస్తాను. ఎదురుగా చిన్న ఎర్ర దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఏది వెలిగితే దాన్ని చూడమంటాను. కన్ను కదిలితే పక్కన కాగితం మీద పెన్ను గీత గీస్తుంది. చూపు జారుతూ పోతుందనుకుంటాం గానీ, అది గెంతుతుంది. ఈ ఉత్తరం చదువుతున్నప్పుడు కూడా నీ చూపు ఒక మాట మీద నుంచి ఇంకో మాట మీదికి గెంతుతూనే ఉంది. ఆ గెంతు కన్ను తనంతట తాను వేసేది కాదు. మెదడు అడుగున వేలెడంత చోటు ఉందట, అక్కడి నుంచి ఆజ్ఞ వస్తేనే కన్ను కదులుతుంది. కాగితం మీద అది మెట్టులా పడుతుంది. రోజంతా ఆ మెట్లు చూసి, హాస్టల్‌కొచ్చి, సాంబారన్నం నాలుగు ముద్దలు తిని పడుకుంటాను. తెలుగులో మాట్లాడే మనిషి లేక నోరు ఎండిపోతోంది.

మంగళవారం బాపట్ల నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. బాపట్ల అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. "మెట్లు దిగితే పడిపోతన్నాడమ్మా. కంచంలో కూర పక్కనే ఉన్నా ఉత్తన్నం తింటన్నాడు. తాగొచ్చాడని అందరూ నవ్వుతన్నారు" అందావిడ. ఆయనకు తీగలు అంటించి దీపాలు వెలిగించాను. పక్క దీపాలకు గీత మెట్లు వేసింది, కాస్త నెమ్మదిగా. కింది దీపం వెలిగింది. గీత చదునుగా అలాగే సాగిపోయింది.

"కిందికి చూడండి బాబాయిగారూ" అన్నాను.

"చూత్తానే ఉన్నానమ్మా" అన్నాడాయన.

అప్పుడు బావగారు కళ్ళ ముందుకొచ్చారు. మొన్న వేసవిలో, నేను ఇక్కడికి బయలుదేరే ముందు, మీ ఇంట్లో అందరం కింద కూర్చుని అన్నాలు తిన్నాం. ఆయన చెయ్యి కంచం దాటి నేల మీద పడింది. పప్పన్నం చాప మీద ఒలికింది. "పగటిపూట కూడానా బావగారూ?" అన్నాను నేను. ఆయన ఎదురు గోడకేసి చూస్తూ, చేత్తో తడుముకుంటూ మెతుకులు ఏరారు. పొలం గట్టు మీద పడితే తాగాడన్నారు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు వందనం పెడితే చూడకపోయేసరికి, ఈ మేష్టారికి కళ్ళు నెత్తికెక్కాయన్నారు. చివరికి సంఘ పెద్దలు చర్చిలో బల్ల మీద బైబిలు పెట్టి, తాగడం లేదని ప్రమాణం చెయ్యమన్నారు. ఆయన చాచిన చెయ్యి బైబిలు మీద పడలేదు, బల్ల అంచున పడింది. దేవుడే చెయ్యి పక్కకు నెట్టాడని అందరూ అన్నారని నువ్వే రాశావు. నేనూ నమ్మాను. ముప్పై ఏళ్ళు ఆ బైబిల్లోంచే మనందరికీ పాఠం చదివి వినిపించిన మనిషిని అనుమానించాను.

మా డాక్టరుగారికి అంతా చెప్పాను. "చూడకుండా తేల్చలేను, కానీ అన్నీ ఆ బాపట్లాయన జబ్బు లక్షణాలే. తీసుకురమ్మను" అన్నారు.

"మందుందా సార్?"

"లేదమ్మా."

ముందు ముందు మాట ముద్దగా వస్తుందట. మింగడం కష్టమవుతుందట. నేను వరండాలోకి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నీకు ధైర్యం చెప్పాలని కాగితం తీశాను గానీ, నా దగ్గరే లేదు. ప్రార్థనలో ఏం అడగాలో కూడా తోచడం లేదు.

రేపే భట్టిప్రోలు బస్సెక్కి మీ ఊరికి వెళ్ళు. ఆయన కంచం కింద పెట్టకు, బల్ల మీద ఎత్తుగా పెట్టు. కాలవ గట్టుకు ఒంటరిగా పంపకు. తెనాలిలో రైలెక్కించి ఇక్కడికి తీసుకురా, స్టేషనుకు నేను వస్తాను.

నా మాట నమ్మాలనిపించకపోతే, ఆ బాపట్లాయనకు డాక్టరుగారు చేసిందే నువ్వూ చెయ్యి. బావగారి ఎదురుగా నిలబడి, తల రెండు చేతుల్లోకి తీసుకుని, "నన్నే చూడండి" అను. మెడ బిగిసి ఉంటుంది, బలవంతం చెయ్యకు. గడ్డం మెల్లగా పైకెత్తు. తల వెనక్కి పోతున్నా చూపు నీ ముఖం మీదే ఉండిపోతుంది. ఎన్నాళ్ళుగానో దిగని కళ్ళు కిందికి దిగుతాయి. కళ్ళు బాగానే ఉన్నాయక్కా. వాటికి చెప్పే చోటే పోయింది.

అమ్మకు నా వందనాలు చెప్పు. జబ్బు సంగతి ఇప్పుడే చెప్పకు. నన్ను దీవించమని అడిగే ముఖం నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

నీ చెల్లెలు,
సుగుణ

ఈ కవరులోనే బావగారికి ఇంకో కాగితం పెట్టాను. "మీరు తాగలేదు. నన్ను క్షమించండి" అని పెద్ద అక్షరాలతో రాశాను. అది ఆయన చేతికివ్వకు. కళ్ళ ఎదురుగా ఎత్తి పట్టుకో.