మూడో స్థాయికి రెండు వేళ్ళు

తెనాలి,
10 జూన్ 1996

బాపట్లలో మేడ మీద గది అద్దెకు తీసుకుని చుట్టుపక్కల కర్మాగారాలకు మార్కులు వేస్తున్న బసవేశ్వరరావు గారికి, తెనాలి నుంచి ఫోర్‌మన్ కృపారావు నమస్కారాలు.

మీరు పంపిన నియమాల పుస్తకాన్ని మా యజమాని పున్నయ్య గారు నా బల్ల మీద పడేసి, "చదివి, ఆయనకేం కావాలో ఇచ్చెయ్యవయ్యా" అన్నారు. మేము రైసు మిల్లుల్లో ధాన్యాన్ని పైకెత్తే ఇనప బకెట్లు చేస్తాం. మీరు వచ్చి మా పని పద్ధతిని పరిశీలించి 'మూడో స్థాయి' అని కాగితం ఇస్తే, ఉత్తరాది కంపెనీ ఒకటి మాకు పెద్ద ఆర్డరు ఇస్తుందట. బకెట్టు గట్టిదా కాదా అన్నది వాళ్ళకు అక్కర్లేదు. దాన్ని చేసే పద్ధతి కాగితం మీద గట్టిగా ఉంటే చాలు. బియ్యం మానేసి సంచి మీది ముద్ర వండుకు తినే కాలం వచ్చింది. సరే, తిందాం.

మీ పుస్తకంలో 'మెరుగుదల' అనే మాట లేని పేజీ లేదు. కాబట్టి ఒక మెరుగుదల అడుగుతున్నాను. రేకును బకెట్టుగా వంచే మా ప్రెస్సు మిషనుకు గార్డు లేదు. అంటే, పైనున్న దిమ్మ కిందికి దిగేటప్పుడు మనిషి చెయ్యి లోపలికి పోకుండా అడ్డుకునే ఇనప జల్లెడ లేదు. నిరుడు వేసవిలో, రోజూ రేపల్లె రైల్లో వచ్చి పనిచేసే తోమాసు కుడిచేతి వేళ్ళు రెండు అందులో పోయాయి. గార్డు పెట్టించండి అంటే యజమాని "ఆర్డరు రానీ" అంటారు. ఆర్డరేమో మీ కాగితం కోసం కూర్చుంది. మీరు ఒక్క వాక్యం రాయండి: గార్డు లేనిదే స్థాయి లేదు అని. చేయి తిరగకపోతే పాసింజరు ఎక్కి రండి. ప్రెస్సు దగ్గర నిలబెట్టి చూపిస్తాను.

ఇట్లు,
కోపాన్ని ఇంకా కవరులోనే ఉంచిన
కృపారావు

తా.క. మీ పుస్తకం అట్ట చాలా మందం. ప్రెస్సుకు అడ్డం పెట్టి చూద్దామనుకున్నాను. మిషను నడిపే సుభాని వద్దన్నాడు. "పుస్తకం నలిగితే మళ్ళీ కొనమంటారు సార్. వేళ్ళయితే ఎవరూ అడగరు" అన్నాడు.


బాపట్ల,
17 జూన్ 1996

పరిశీలనకు నమోదైన సంస్థ యొక్క ప్రతినిధి కృపారావు గారికి ప్రధాన పరిశీలకుని శుభాకాంక్షలు.

మీ లేఖ అందినది. పరిశీలన తేదీకి ముందు పరిశీలకుడు సంస్థ మనుషులతో ముఖాముఖి కలవరాదు. నిష్పాక్షికత దెబ్బతినును. కావున సంప్రదింపులన్నీ పోస్టు ద్వారానే. పాసింజరు రైలు ఎక్కమన్న మీ ఆహ్వానాన్ని ప్రలోభంగా నమోదు చేసి, మొదటిసారి కావున క్షమించడమైనది.

రెండవది. పరిశీలనలో ఏ విషయాన్నీ ఏ వ్యక్తి పేరుతోనూ ముడిపెట్టరాదు. మీరు 'తోమాసు' అని రాసిన చోట 'ఒక వనరు' అనియు, 'వేళ్ళు' అన్న చోట 'రెండు అంశాలు' అనియు దిద్దుకున్నాను.

మూడవది. గార్డు అనేది వస్తువు. మేము చూచేది పద్ధతి. ప్రెస్సు వద్ద మీరేమి చేస్తారో అది వ్రాతలో ఉన్నదా? వ్రాయనిది జరగనట్లే. వ్రాసినది వ్రాసినట్లు జరగవలెను. సంస్థ నుండి వచ్చిన ప్రతి కాగితమూ మాకు ఆధారమే.

భవదీయుడు,
బసవేశ్వరరావు,
ప్రధాన పరిశీలకుడు (మద్రాసులో శిక్షణ పొందినవారు)

తా.క. సదరు రెండు అంశాల అసలు ప్రతులు మాకు పంపవద్దు. నకళ్ళు చాలును.


తెనాలి,
21 జూన్ 1996

నకళ్ళు అడిగిన మహానుభావుడికి,

మీ ఉత్తరం ఫ్యాక్టరీలో పైకి చదివాను. తోమాసు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

అయ్యా, రాయనిది జరగనట్లేనా? అయితే మా వాడి వేళ్ళు పోనేలేదు. ఎవరూ రాయలేదు గదా! మీలాంటి చదువుకున్నవాళ్ళు మనిషిని పక్కకు నెట్టి పద్ధతిని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పద్ధతికి ఆకలి ఉండదు, నొప్పి ఉండదు, యూనియనూ ఉండదు. అందుకే యజమానులకు అంత ముద్దు.

రాత కావాలా? రాసుకోండి.

ఎడమచేత్తో రేకు పెట్టాలి. కుడిచేత్తో లోపలికి సర్దాలి. అప్పుడు పిల్లల్ని తలుచుకోవాలి. తోమాసు 'ప్రభువా' అనాలి, సుభాని 'యా అల్లా' అనాలి, ఇద్దరిలో ఎవర్నీ నమ్మని నేను యజమాని గది వైపు చూడాలి. కాలితో పెడలు తొక్కాలి. చెయ్యి మిగిలితే బయటికి తీసుకోవాలి. మిగలకపోతే నెత్తురు మీద రంపపు పొట్టు చల్లాలి. దానమ్మ టీ తేవాలి. తరవాతి మనిషి వచ్చి నిలబడాలి.

ఇదీ మా పద్ధతి. అద్దం కట్టించి గోడకు తగిలించుకోండి.

ఇట్లు,
కవరులో ఇమడని కోపంతో
కృపారావు

తా.క. మాకు టీ కాచిపోసే దానమ్మ అడిగింది: "ఆ బాపట్లాయన మనిషేనా బాబూ, రబ్బరు స్టాంపా?" జవాబు మీరే ఇవ్వండి.


బాపట్ల,
1 జూలై 1996

మిక్కిలి అభినందనీయులైన కృపారావు గారికి,

మీరు పంపిన 'ప్రెస్సు నిర్వహణ పద్ధతి' చేరినది. ఏడవ నంబరు ఆధారంగా స్వీకరించితిని. ఇంత క్లుప్తముగా, ఇంత నిజాయితీగా వ్రాసిన పద్ధతిని నేనింతవరకు చూడలేదు. పిల్లలను తలచుకొనుట ప్రమాదాన్ని ముందుగా ఊహించుట క్రిందికి వచ్చును. ఎవరి దేవుణ్ణి వారు పిలుచుకొనుట స్థానిక అవసరాలకు అనుగుణమైన మార్పు, నియమము అనుమతించును. తరువాతి మనిషి వచ్చి నిలబడుట వనరుల లభ్యతకు చక్కని నిదర్శనము.

ఒక్కటే లోపం. యాజమాన్యపు భాగస్వామ్యం ఎక్కడా కనబడదు. మూడవ స్థాయికి అది తప్పనిసరి. యజమాని ఏమి చేయుదురో ఒక అడుగుగా చేర్చి, వారి సంతకంతో పంపగలరు.

మీ కృషికి ముగ్ధుడనైన,
బసవేశ్వరరావు

తా.క. రంపపు పొట్టు ఎంత చల్లవలెనో వ్రాయలేదు. కొలత చేర్చగలరు.


తెనాలి,
8 జూలై 1996

బసవేశ్వరరావు గారూ,

నేను తిట్టాను. మీరు దాన్ని దస్త్రం చేశారు. తిట్టించుకోవడం కూడా చేతకాని మనిషిని నా నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఇప్పుడే చూస్తున్నాను.

యాజమాన్యపు భాగస్వామ్యం కావాలన్నారు. చేర్చాను: 'రోజూ పని మొదలయ్యే ముందు యజమాని స్వయంగా ప్రెస్సు దగ్గర నిలబడి మొదటి బకెట్టు తన చేత్తో చెయ్యాలి. ఆ తరవాతే మిగతావాళ్ళు.' దొంగచాటుగా ఏమీ చేర్చలేదు. టీ వేళ అందరి ముందూ గట్టిగా చదివాను. పున్నయ్య గారు చెవి దగ్గర ఫోను పెట్టుకునే విన్నారు. "బాగుంది బాగుంది, నా పేరు ముందుకొచ్చేట్టు రాశావు" అని సంతకం పెట్టారు.

పొట్టు: చాటెడు.

ఇట్లు,
మీ పుస్తకం పుణ్యమా అని నవ్వడం మొదలుపెట్టిన
కృపారావు

తా.క. సర్టిఫికెట్టు పక్కన పెట్టడానికి, ప్రెస్సు మీద చెయ్యి వేసి నిలబడిన ఫొటో ఒకటి తీయించుకుంటారట మా యజమాని. చెయ్యి వెయ్యడం మీరొచ్చిన రోజే మొదలు.


బాపట్ల,
2 ఆగస్టు 1996

కృపారావు గారికి,

సవరణ ఆమోదించడమైనది. ఈ నెల ఇరవయ్యారున పరిశీలనకు వచ్చుచున్నాను. వ్రాసిన ప్రతి అడుగునూ, వ్రాతలో ఉన్న మనిషే, నా కళ్ళ ఎదుట చేయవలెను. ఇందులో మినహాయింపులు లేవు.

నియమబద్ధుడైన,
బసవేశ్వరరావు

తా.క. భోజనం పెట్టుట ఆతిథ్యం క్రిందికి వచ్చును, స్వీకరించరాదు. టిఫిన్ విషయమై నియమం మౌనంగా ఉన్నది.


తెనాలి,
27 ఆగస్టు 1996

మౌనంగా ఎనిమిది ఇడ్లీలు స్వీకరించిన బసవేశ్వరరావు గారికి,

నిన్న మీరు ఇక్కడే ఉన్నారు. అయినా తల పుస్తకంలో పెట్టుకున్నారు గనుక పుస్తకానికి పైన ఏం జరిగిందో నేను చెప్పాలి.

మా యజమాని తెల్లచొక్కా తొడిగి, ఉంగరాలు మెరిపిస్తూ వచ్చారు. ఫొటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడు. మీరు వేలితో వరస చూపించుకుంటూ, "మొదటి అడుగండి. యజమాని గారు రేకు పెట్టాలండి" అన్నారు.

"ఫొటో తీసుకుంటే సరిపోద్ది గదండీ" అన్నారాయన.

"సరిపోదండి. రాసింది జరగాలండి."

సుభాని మోటారు వేశాడు. చక్రం తిరిగింది. కింద నేల అదిరింది. మా యజమాని ఎడమచేత్తో రేకు పెట్టారు. కుడిచెయ్యి చాచి, దిమ్మ వైపు చూసి, సగంలో ఆపారు. గదిలో అందరం ఆ చేతినే చూస్తున్నాం, మీరు తప్ప. పక్కన బకెట్లు పేర్చే తోమాసు మెల్లిగా అన్నాడు: "పెట్టండి అయ్యగారూ, ఏం కాదు. పిల్లల్ని తలుచుకోండి. అది మూడో అడుగు."

వెక్కిరింపు కాదండి అది. నిజంగానే ధైర్యం చెప్పాడు. అదే ఆయన్ని పడగొట్టింది.

"ఆపరా! ఆపు!" అని అరిచి వెనక్కి గెంతారు. చెమట తుడుచుకుంటూ, "దీనికి గార్డు లేదేంటయ్యా?" అన్నారు. ఆ ప్రశ్నను మేము ఆయన్ని ఎన్నేళ్ళుగా అడుగుతున్నామో! మళ్ళీ మాకే వేశారు. టీ గ్లాసులు కడుగుతున్న దానమ్మే పలికింది: "లేదంట బాబుగారూ. ఇయ్యాలే తెలిసింది."

ఆ మధ్యాహ్నమే కారు రేపల్లె వెళ్ళింది. సాయంత్రానికి గార్డు వచ్చింది. ఎక్కడిదనుకున్నారు? మిషనుతో పాటు కంపెనీ వాళ్ళు పంపిందే. రేపల్లెలో యజమాని గారింట్లో కోళ్ళగూటికి తలుపుగా ఉందట ఇన్నాళ్ళూ. మా తోమాసు చేతికి లేని కాపలా ఆ కోళ్ళకు ఉంది. ఈకలు దులిపి బిగించాం. అప్పుడు పున్నయ్య గారు మొదటి బకెట్టు చేశారు, నవ్వుతూ ఫొటో దిగారు, మీరు చివరి పేజీ మూశారు.

ఇట్లు,
మీకు మొదటిసారి కృతజ్ఞత చెప్పబోయి ఆగిన
కృపారావు

తా.క. కోళ్ళిప్పుడు రేపల్లె వీధుల్లో తిరుగుతున్నాయట. వాటి పద్ధతి రాతలో లేదు.


బాపట్ల,
9 సెప్టెంబరు 1996

కృపారావు గారికి,

విచారంతో తెలియజేయునదేమనగా, పరిశీలన దినమున మీ ప్రెస్సు వద్ద వ్రాతలో లేని వస్తువు (గార్డు) ఒకటి కనబడినది. వ్రాతలో చెయ్యి లోపలికి పోవును, కార్యంలో పోలేదు. పిల్లలను తలచుకొనుట జరగలేదు. రంపపు పొట్టు వినియోగం శూన్యం. వ్రాసినదానికీ జరిగినదానికీ ఇంత దూరమున్న సంస్థకు మూడవ స్థాయి ఇవ్వజాలము. కిందిదైన ఒకటవ స్థాయి సర్టిఫికెట్టు జతపరచడమైనది.

గార్డును తొలగించి మరల దరఖాస్తు చేయవచ్చును, లేదా వ్రాతను మార్చుకొనవచ్చును. ఏది చేసినను, ఆ ప్రెస్సు మీద పనిచేయు ప్రతి ఒక్కరి సమ్మతి తప్పనిసరి. ఒక్కరు కాదన్నను చెల్లదు. ఫలితముల అర్థాన్ని ఇతరులకు వివరించు అధికారం ప్రధాన పరిశీలకునిది మాత్రమే. మీరెవరూ నోరు విప్పరాదు.

మీ మేలుకోరు,
బసవేశ్వరరావు

తా.క. ఇడ్లీలలోకి చేసిన అల్లం పచ్చడి బాగున్నదని ఒక వనరు అభిప్రాయపడినది.


తెనాలి,
30 సెప్టెంబరు 1996

బసవేశ్వరరావు అనబడే వనరు గారికి,

మనిషికి చెయ్యి మిగిలిందని మార్కులు తగ్గించిన పరీక్ష ఈ భూమి మీద మీదొక్కటే అనుకుంటాను. వేళ్ళు తెగుతున్నన్నాళ్ళూ మాది ఆదర్శ సంస్థ. తెగడం ఆగిన రోజున వెనకబడ్డాం. ఈ పుస్తకాన్ని మా యజమాని గారి కోళ్ళగూటికి తలుపుగా పంపిస్తున్నాను. గార్డు తిరిగి రాదు గదా.

ఇక వినండి. ఉత్తరాది కంపెనీ ఆఫీసరు మొన్న వచ్చాడు. పున్నయ్య గారు భయంభయంగా మీ కాగితం చేతికిచ్చారు. అతను చూసి లేచి నిలబడ్డాడు. "మేము మూడో స్థాయి అడిగితే మీరు ఏకంగా ఒకటో స్థాయి తెచ్చారే!" అని యజమాని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. పిల్లల పరీక్షల్లో ఫస్టు ర్యాంకు కోసం జుట్టు పీక్కునే దేశంలో ఒకటి కంటే మూడు గొప్పదని ఎవడికి తడుతుంది? మీ పుస్తకాన్ని షరతుగా పెట్టినవాడు కూడా దాన్ని విప్పలేదన్నమాట. యజమాని నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. నోరు విప్పరాదని మీ ఆజ్ఞ. ఆర్డరు మీద సంతకాలయ్యాయి. మా రాతపద్ధతి కూడా, యజమాని చెయ్యాల్సిన మొదటి బకెట్టుతో సహా, అందులో జతపడింది. మీరు తప్పనిసరి అన్న అందరి సమ్మతీ లేకుండా అక్షరం కదపకూడదు.

నిన్న పున్నయ్య గారు టీ వేళ వచ్చారు. "ఆర్డరు వచ్చిందిగా కృపారావ్. ఈ జల్లెడ వల్ల బకెట్లు తగ్గుతున్నాయి. తీసేద్దాం. రేపల్లెలో మా ఆవిడ కూడా కోళ్ళు పోతున్నాయని గోల" అన్నారు.

"అందరి సమ్మతీ కావాలండి" అన్నాను. "గార్డు ఉండాలి, అదే రాతలోకి ఎక్కాలి అనేవాళ్ళు చేతులెత్తండి."

అందరూ ఎత్తారు. తోమాసు కుడిచెయ్యి జేబులోంచి తీసి ఎత్తాడు. నిరుడు వేసవి తరవాత ఆ చేతిని అంత పైన నేను చూడలేదు.

"ఇంకొకరున్నారండి" అన్నాడు సుభాని. "మొదటి బకెట్టు చేసేవారు. గార్డు తీసేస్తే రేప్పొద్దున వారితోనే మొదలు. ఏమంటారు అయ్యగారూ?"

పున్నయ్య గారు ప్రెస్సును చూశారు. తోమాసు చేతిని చూశారు. తరవాత మెల్లిగా, ఉంగరాలతో సహా, తన చెయ్యి ఎత్తారు.

ఇట్లు,
ఏ స్థాయీ అక్కర్లేని
కృపారావు

తా.క. ఆధారంగా నమోదు చేసుకోండి: తీర్మానం ఏకగ్రీవం. ఎత్తిన చేతులన్నీ లెక్కకు వచ్చాయి. వేళ్ళలో మాత్రం రెండు తగ్గాయి. వాటి అసలు ప్రతులు మా దగ్గర లేవు. నకళ్ళు ఎవరూ చెయ్యలేరు.