సంచిలో పాత సీటు

మార్చి 2

నమ్మకం అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నమ్మమని అడిగేవాడి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఈ మాటే పత్రికకు రాస్తే ఎడిటర్ "కాస్త మెత్తగా రాయండి" అంటాడు. ఈ డైరీలో ఆ బాధ లేదు.

మా షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: మార్చిన ప్రతి పాత భాగాన్నీ మీకే తిరిగి ఇస్తాం. నీళ్ళలోకి దిగే డైవర్లు సిలిండర్ గాలి పీల్చుకునే రెగ్యులేటర్లను మేం సర్వీస్ చేస్తాం. సర్వీసైన రెగ్యులేటర్ గొట్టానికి ఒక చిన్న ప్లాస్టిక్ సంచి కట్టి ఉంటుంది. అందులో చిట్లిన రబ్బరు ఓ-రింగులు, అరిగిన వాల్వు సీటు. డైవర్లు వస్తారు, సంచి తెంపుతారు, గుమ్మం పక్కనున్న చెత్తబుట్టలో పడేసి పోతారు. ఒక్కడంటే ఒక్కడు విప్పి చూసిన పాపాన పోలేదు. మా తమ్ముడితో సహా.

వీళ్ళ హక్కుల కోసం నేను వ్యాసాలు రాస్తాను!

మార్చి 5

నోట్లో పెట్టుకునే భాగం సర్వీసింగ్ నాది. సిలిండర్‌కు బిగించే భాగం ఓనర్‌ది. వెనక గదిలో తలుపేసుకుని చేస్తాడు. అది బలం కావలసిన పనట, ఆడవాళ్ళ వల్ల కాదట. నా సర్టిఫికెట్ అతని దానికంటే కొత్తది. బలం స్పానర్‌కు ఉంటుంది, మీసానికి కాదు అని మొహం మీదే అన్నాను. కామ్రేడ్ మేడమ్‌కి కోపం వచ్చింది, ఫ్యాన్ పెంచండ్రా అన్నాడు. షాపులో ఉన్నది మేమిద్దరమే.

మార్చి 9

ఇవాళ ఒక సంచిలోని సీటును పరీక్షగా చూశాను. చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ ముక్క, ఓనర్ చేసే భాగంలోది. సిలిండర్‌లోని గాలిని ఆపేది అదొక్కటే. లోహపు అంచు నొక్కీ నొక్కీ దాని మీద గుండ్రటి గాడి పడుతుంది. గాడి లోతైతే గాలి ఆగదు. నీళ్ళ అడుగున ఉన్నట్టుండి నోట్లోకి బుసకొట్టి సిలిండర్ మొత్తం ఖాళీ చేసేస్తుంది. ఇవాళ్టి సీటు గాడి లోతుగానే ఉంది. అంచున నెలవంకలాంటి నొక్కు.

ఆ నెలవంకను పోయిన వారమే చూశాను. వేరే మనిషి సంచిలో.

మార్చి 10

నొక్కు పక్కనే సూదితో ఒక గీత గీసి, సంచి మళ్ళీ కట్టేశాను.

మార్చి 14

నా గీత తిరిగొచ్చింది. ఇంకొకరి సంచిలో.

ఓనర్ చెత్తబుట్టలోంచి ఏరుకుంటున్నాడు! గుప్పెడు పాత సీట్లు ఈ సంచిలోంచి ఆ సంచిలోకి ఊరేగుతున్నాయి. మార్చవలసిన సీట్లేమో రెగ్యులేటర్లలోనే కూర్చుని ఇంకా అరుగుతున్నాయి. మోసం ఓనర్‌ది. చెత్తబుట్ట నింపింది మాత్రం డైవర్లు. ఇద్దరి మీదా సమానంగా మండిపడే హక్కు నాకుంది.

మధ్యాహ్నం

ఓనర్ బయటికెళ్ళగానే తమ్ముడి రెగ్యులేటర్ సెట్ తీసి గాలి ఒత్తిడి చూపే గేజ్‌కు బిగించాను. సూది నిలబడింది. తొందర ఉన్నవాళ్ళు అక్కడితో ఆపేస్తారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. సూది కదిలింది. నత్తలా, సిగ్గు లేకుండా, పైకి పాకింది. అంటే లోపలి సీటు గాలిని ఆపడం లేదు.

మార్చి 15

తమ్ముడు ఓడల అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకే పని చేస్తాడు. వచ్చే వారం పెద్ద ఓడ. విషయమంతా చెప్పాను. గాలి బుసకొడితే పైకొచ్చేస్తాంలే అక్కా, నీ వ్యాసాలు నువ్వు రాసుకో, మా పని మమ్మల్ని చేసుకోనీ అన్నాడు. పైకెక్కడికిరా, నీ నెత్తి మీద ఉండేది ఆకాశమా, ఓడ పొట్ట కదా అన్నాను. పక్కకు ఈది బయటపడేదాకా ఏం పీలుస్తావు, నా వ్యాసాలా?

అన్నం మధ్యలో లేచిపోయాడు.

మార్చి 17

ఓనర్‌ను నిలదీశాను. ఏమాత్రం తడబడలేదు. సీటంటే చెప్పులు కాదు మేడమ్, సీజన్‌కో జత కొనడానికి అన్నాడు. ఇన్నాళ్ళలో ఎవరైనా చచ్చారా అని నన్నే అడిగాడు. మనమంతా ఒక కుటుంబం అని కూడా అన్నాడు. ఎవడైనా ఆ మాట అన్నాడంటే నేను ముందు తలుపు ఎటుందో చూసుకుంటాను.

మార్చి 18

తమ్ముడి సెట్ నా బల్ల మీద ఉంది. మీ వాడికి కొత్తది వేశాను, చూసుకోండి, ఇక మీ నోటికి కాస్త విశ్రాంతి ఇవ్వండి అన్నాడు ఓనర్.

గేజ్ పెట్టాను. చాలాసేపు చూశాను. సూది కదల్లేదు. ప్రాణం కుదుటపడింది.

అలా కుదుటపడినందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నా ధర ఇంతేనని వాడు సరిగ్గానే లెక్కకట్టాడు.

మార్చి 20

రేపు ఓడ పని. సర్వీసైన సెట్లన్నీ ముందు గదిలో వేలాడుతున్నాయి. ఓనర్ ఓడవాళ్ళను కలవడానికి పోయాడు. నేను అన్నీ దించాను. అన్నీ విప్పేశాను. బలం చాలకపోవడం లాంటిదేమీ జరగలేదు. సీట్లన్నీ పీకి ఒకే ట్రేలో పోసి, అందరూ రండి, మీ ప్రాణాలు చూసుకోండి అని డైవర్లకు ఫోన్ చేశాను.

వచ్చారు. ముందు నన్ను తిట్టారు. పని చెడగొట్టావు, రేపు ఏం పెట్టుకుని దిగాలి, నీకేం పోయింది అని. తర్వాత ట్రే చూశారు. ప్రతిదానికీ లోతైన గాడి. మారిస్తే ఇవి లోపలెందుకున్నాయి, మరి సంచుల్లో మాకు కట్టిచ్చినవి ఎవరివి? ఈ ప్రశ్న నేను వేయలేదు. వాళ్ళకే వచ్చింది, ఆలస్యంగానైనా.

మధ్యలో ఒక్కటి మాత్రం తెల్లగా, గాడి లేకుండా మెరుస్తోంది. ఇదెవరిది అన్నాడు పెద్ద డైవర్.

మా తమ్ముడిది అన్నాను. అందరి ముందూ.

తమ్ముడు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

మార్చి 21

డైవర్లు నీళ్ళలోకి దిగలేదు. ఓడ ఆగింది. ఓనర్ ముందు గదిలో, తలుపులు బార్లా తీసి, వాళ్ళ కళ్ళెదుటే సీట్లు మారుస్తున్నాడట. నన్ను మాత్రం గుమ్మం తొక్కవద్దని కబురు.

మార్చి 24

తమ్ముడు వచ్చాడు. జేబులోంచి డైవర్లందరి చిన్న చిన్న సంచులు తీసి బల్ల మీద గుమ్మరించాడు. ఒక్కొక్కటీ విప్పి చూశాను. ఒక గాడి పక్కకు ఒరిగింది. ఒకదానికి గాడి రెండు వరసలు. ఒకటి పగిలే దాకా వచ్చింది. ఏ రెండూ ఒకలా లేవు. నెలవంక లేదు.

టీ ఉందా అన్నాడు. పెట్టుకో అన్నాను.

ఇద్దరికీ పెట్టాడు. నా దాంట్లో చక్కెర వేయలేదు, వెధవ.